పెరట్లో సీసపు పోత

1776 జులై 9న న్యూయార్క్‌లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను సైనికుల ముందు చదివి వినిపించారు. అది విన్న జనం బౌలింగ్ గ్రీన్ తోటలోకి దూసుకెళ్లి, గుర్రమెక్కి ఉన్న ఇంగ్లండు రాజు మూడో జార్జి విగ్రహానికి తాళ్లు కట్టి నేలకూల్చారు. పైన బంగారు పూత, లోపలంతా సీసం. ఆ ముక్కల్లో చాలా భాగం కనెక్టికట్‌లోని లిచ్‌ఫీల్డ్ ఊరికి, అక్కడి నాయకుడు ఆలివర్ వోల్కాట్ ఇంటికి చేరింది. అక్కడ ఆడవాళ్లూ పిల్లలూ కలిసి రాజుగారిని కరిగించి తూటాలు పోశారు. ఎవరెన్ని చేశారో వోల్కాట్ పేరుపేరునా రాసిపెట్టాడు. మొత్తం లెక్క 42,088. ఆయన చిన్నకొడుకు ఫ్రెడరిక్ పేరు ఎదుట 936 అని ఉంది. పదేళ్లయినా నిండని పిల్లవాడు వాడు.

అమెరికాలో తూటాలు పోయడం ఇలా ఇంటి పనిగానే ఉండేది. అడవి అంచున కాపురమున్న కుటుంబానికి తుపాకీతో పాటు సీసం, గరిటె, అచ్చు కూడా ఉండి తీరాలి. తుపాకీ చేసిన పనివాడు దానికి సరిపడే అచ్చు కూడా చేసి ఇచ్చేవాడు. చేత్తో తొలిచిన గొట్టాలు ఏ రెండూ ఒకే కొలతకు వచ్చేవి కావు మరి. పొరుగింటి గుండు మన తుపాకీలో దిగకపోవచ్చు, దిగినా వదులు కావచ్చు. గొట్టం వెడల్పును సీసంతో కొలిచే పద్ధతి కూడా ఆ పాతకాలానిదే. ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో, అంత వెడల్పు గొట్టం 12 బోరు. మన పల్లెల్లో లైసెన్సు మీద ఉంచుకునే 12 బోరు తుపాకీకి ఆ అంకె వచ్చింది ఈ లెక్క నుంచే.

1849లో ఫ్రెంచి సైనికాధికారి మినీయే అడుగు డొల్లగా ఉండే తూటా ఒకటి తయారుచేశాడు. మందు అంటుకోగానే ఆ డొల్ల విచ్చుకుని గొట్టంలోని మెలిక గాళ్లను పట్టుకుంటుంది. సీసం అంత మెత్తన కాబట్టే అది కుదిరింది. సీసం గొట్టంలో సాఫీగా సాగాలంటే జిడ్డు కావాలి. ఆ కాలపు కాగితం తూటాలకు పూసిన కొవ్వు మన దేశంలో 1857 సిపాయిల తిరుగుబాటులో ఎంత పని చేసిందో చెప్పక్కర్లేదు. పోత తూటాకు ఈనాటికీ జిడ్డు పూసేవాళ్లున్నారు. వాళ్లు వాడేవాటిలో తేనెమైనం కలిపిన ముద్ద ఒకటి. 1870లలో అమెరికా మైదానాల్లో బైసన్ వేటగాళ్లు మకాముల్లోనే తూటాలు పోసుకుని మందలకు మందల్నే తుడిచిపెట్టారు. ఈ విద్యను గురించి మంచి చెప్పదలచుకున్నవాళ్లు ఆ సంగతిని దాటవేయకూడదు.

ఆ తర్వాత కార్ఖానా తూటాలు వచ్చాయి. ఇక ఇంటి పోతతో పనేముంది? అయినా అది పోలేదు. పాత తుపాకీలకు సరిపడే సరుకు అంగట్లో దొరక్కపోవడం ఒక కారణం, ఖర్చు మరొకటి. జాన్ బార్లో 1884లో స్థాపించిన ఐడియల్ కంపెనీ ఇంట్లో వాడుకునే అచ్చుల్ని దేశమంతా అమ్మింది. 1925లో దాన్ని లైమన్ కంపెనీ కొనుక్కుంది. లైమన్ పేరుతో అచ్చులు ఇప్పటికీ వస్తున్నాయి. మూతి నుంచి మందు దట్టించే తుపాకీల మీద మక్కువ ఉన్నవాళ్లు 1933లో ఒక జాతీయ సంఘం పెట్టుకున్నారు. ఇండియానా రాష్ట్రంలో ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊళ్లో వాళ్ల పోటీలు జరుగుతాయి. గురిపెట్టి కాగితాన్ని కొట్టడమే అక్కడ పని. సొంతానికి తూటా పోసుకోవడానికి అమెరికా కేంద్ర చట్టం కింద లైసెన్సు అక్కర్లేదు, అమ్మాలంటే కావాలి. మన దేశంలో అలా కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మందుగుండు తయారుచేస్తే నేరం. కాబట్టి ఇక్కడ నేను చెప్పేదంతా ఆ దేశపు ముచ్చటగానే చదవండి.

ఇక పని దగ్గరికి వద్దాం. శుద్ధ సీసం మరీ మెత్తన. గోటితో గీసినా గీత పడుతుంది. లోహాల గట్టిదనాన్ని కొలిచే బ్రినెల్ లెక్కలో దాని అంకె 5. పాత తుపాకీల గుండ్లకు ఆ మెత్తదనమే కావాలి. వేగంగా వెళ్లే తూటాకు మాత్రం పనికిరాదు. సీసం గొట్టానికి రాసుకుని లోపల పేరుకుపోతుంది, గురి చెడుతుంది. అందుకని రెండు లోహాలు తోడు కలుపుతారు. ఒకటి తగరం, మన ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేది. అది కలిసిన సీసం అచ్చులోని సన్నని గాళ్లలోకి కూడా చక్కగా పారుతుంది. రెండోది ఆంటిమనీ, గట్టిదనమిచ్చేది. లైమన్ వారి పాత పాళ్ల ప్రకారం నూటికి 90 సీసం, 5 తగరం, 5 ఆంటిమనీ. దాని గట్టిదనం 15. అచ్చు నిండడానికి మాత్రమే అయితే నూటికి 2 పాళ్ల తగరం చాలు. తగరం ఖరీదైంది కనుక ఈనాటి పోతగాళ్లు అక్కడితో ఆగుతారు.

ఈ లోహమంతా వాళ్లు కొత్తగా కొన్నది కాదు. ఒకప్పుడు అమెరికా పత్రికల్లో అక్షరాల వరుసల్ని పోసే లైనోటైప్ యంత్రాలుండేవి. వాటిలో వాడిన లోహం నూటికి 84 సీసం, 12 ఆంటిమనీ, 4 తగరం. పత్రికలు ఆఫ్‌సెట్‌కు మారాక ఆ దిమ్మెలు తూకానికి అమ్ముడై పోతగాళ్ల పెరళ్లకు చేరాయి. మన తెలుగు కంపోజిటర్లు గళ్లపెట్టెల్లోంచి ఏరి పేర్చిన అక్షరాలు కూడా ఈ మూడు లోహాలే. ఆ నిల్వలు తరిగాక కారు చక్రాల బ్యాలన్సింగ్ బిళ్లలు ఆధారమయ్యాయి. టైర్ల షాపుల్లో బకెట్లకొద్దీ పోగయ్యే పాత బిళ్లల్లో సీసంతో పాటు కాస్త ఆంటిమనీ ఉంటుంది. ఇప్పుడు వాటిలో జింకు, ఇనుప బిళ్లలు కలుస్తున్నాయి. జింకు కాస్త కలిసినా పోత సరిగా నిండదు. ఇక్కడే వేడి మీద పట్టు ఉండాలి. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, జింకు 419 దగ్గర. ఆ రెంటి నడుమ, కింది అంచున వేడి నిలబెడితే సీసం కరుగుతుంది, జింకు బిళ్లలు తేలిక కనుక కరక్కుండా పైకి తేలుతాయి. గరిటెతో తీసి పారేయడమే. తొందరపడి మంట పెంచితే మాత్రం పాత్రలోని లోహమంతా చెడుతుంది.

కరిగిన సీసం మీద బూడిదరంగు తెట్టు కడుతుంది. అందులో మట్టీ మసీ ఉంటాయి, గాలి తగిలి మారిన తగరం కూడా ఉంటుంది. దాన్ని అలాగే తీసి పారేస్తే ఖరీదైన తగరం పోయినట్టే. అందుకని చిన్న మైనపు ముక్కో, బాగా ఎండిన గుప్పెడు రంపపుపొట్టో వేసి అడుగు దాకా కలియబెడతారు. పొగ లేస్తుంది, మంట కూడా అంటుకోవచ్చు. తగరం మళ్లీ లోహంలో కలిసిపోతుంది, పైన మిగిలిన నల్లటి పొడిని తీసేస్తారు. అప్పుడు బయటపడే లోహం అద్దంలా ఉంటుంది.

పోతలో అసలు విద్య అచ్చు వేడిలో ఉంది. అచ్చు ఇనుముతోనో, ఇత్తడితోనో, అల్యూమినియంతోనో చేసిన రెండు దిమ్మెలు. పటకారు లాంటి పిడులతో మూసి తెరుస్తారు. పైన ఒక పలక, దానికో రంధ్రం. ఆ రంధ్రంలోంచి పోస్తే లోపలి గాలి దిమ్మెల అంచున గీసిన సన్నని గీతల్లోంచి బయటికి పోతుంది. అచ్చు చల్లగా ఉంటే సీసం నిండేలోపే గడ్డకట్టి, తూటా ముడతలతో వస్తుంది, అంచులు మొండిగా ఉంటాయి. వేడి మీరితే పైన మంచు పట్టినట్టు తెల్లబారుతుంది. కొత్తవాళ్లు ముడతలు చూసి సీసం మంచిది కాదనుకుంటారు. తప్పు చాలాసార్లు సీసానిది కాదు, అచ్చు ఇంకా వేడెక్కలేదు. ఆగకుండా ఒక లయలో పోస్తూ పోతే అచ్చు తన వేడిని తానే నిలుపుకుంటుంది. మధ్యలో ఆగి ప్రతి తూటానూ తిప్పి చూసుకుంటే అచ్చు చల్లారి మళ్లీ ముడతలు మొదలు. నిక్కచ్చిగా చూడటమంతా చివర్లోనే.

పలక మీద మిగిలిన చిన్న సీసపు మడుగును గమనిస్తూ ఉండాలి. మొదట తళతళలాడుతుంది, కొన్ని సెకన్లకు దాని మీద ఒక మసక పాకి గడ్డకడుతుంది. తూటా గడ్డకడుతూ కుంచించుకునేటప్పుడు అందులోంచే సీసాన్ని లోపలికి పీల్చుకుంటుంది. కాబట్టి మడుగు ధారాళంగా వదలాలి, మసక వచ్చాక ఇంకో క్షణం ఆగాలి. అప్పుడు కొయ్య సుత్తితో పలకను పక్కకు తడితే పైముక్క తెగుతుంది. ముందే తడితే తూటా అడుగు చిరుగుతుంది. అడుగు చెడిన తూటా సూటిగా పోదు. పాతకాలపు పోటీగాళ్లు ముక్కు కన్నా అడుగునే ఎక్కువ పరీక్షించేవాళ్లు, అది న్యాయమే. గొట్టం వదిలే క్షణంలో మందు వాయువుల ఒత్తిడి వెనక నుంచే తోస్తుంది. అడుగు ఒక పక్క లోటుగా ఉంటే ఆ తోపు వంకర పోతుంది.

అచ్చు తెరిచి, మడిచిన మందపాటి గుడ్డ మీదికి తూటాను జారవిడుస్తారు. వేడిగా ఉన్నప్పుడు అది చాలా సుకుమారం, ఒకదానికొకటి తగిలినా నొక్కు పడుతుంది. అన్నీ చల్లారాక ఏరడం మొదలు. ముడత, బొడిపె, లోటు, దేనికైనా ఒకటే శిక్ష, తిరిగి పాత్రలోకి. బాగున్నవాటిని తూచి చూస్తారు. బయటికి నున్నగా కనిపించినా తూకం తగ్గితే లోపల గాలిబుడగ ఉన్నట్టు. అది కూడా పాత్రలోకే. గొట్టం లోపలి కొలత తెలుసుకోవడానికి పాత పద్ధతి మరొకటుంది. మెత్తని సీసపు ముక్కను గొట్టంలోంచి నెమ్మదిగా తోసి, బయటికి వచ్చాక కొలుస్తారు. పోసే తూటా దానికన్నా వెంట్రుకవాసి లావుండాలి. పౌను సీసంతో బోరు లెక్కగట్టిన కాలం పోయినా, గొట్టాన్ని సీసంతోనే కొలవడం మిగిలింది.

ఈ విద్యలో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించేది ఈ ఏరివేత. పోసినవాడు తన చేతిపనిని తానే తిరస్కరించడం నేర్చుకుంటాడు, అదీ ఎవరూ చూడనప్పుడు. ఒక్క ముక్కా వృథా కాదు. గురిపెట్టే మైదానంలో మట్టిగట్టున దిగబడిన పాత సీసాన్ని అనుమతి తీసుకుని జల్లెడపట్టి, మళ్లీ కరిగించి, మళ్లీ పోసేవాళ్లున్నారు. మిస్సోరి రాష్ట్రం హెర్క్యులేనియంలో ముడిఖనిజం నుంచి సీసం తీసే అమెరికాలోని చివరి కొలిమి 2013 డిసెంబరులో మూతపడింది. తిరిగి వాడే సీసానికి విలువ పెరగడంలో వింతేముంది?

అయితే సీసం విషం. ఈ మాట చెప్పకుండా పోత గురించి రాయడం నేరమే అవుతుంది. సీసం ఆవిరి పీల్చడమే ప్రమాదమని చాలామంది అనుకుంటారు. అది మరిగేది 1,749 డిగ్రీల దగ్గర, పోత వేడిలో ఆవిరి బహు స్వల్పం. అసలు ప్రమాదం పైకి తీసిన తెట్టు పొడిలో, చేతులకంటిన మసిలో ఉంది. అది చేతి నుంచి అన్నంలోకి, బట్టల నుంచి పసిపిల్లల నోట్లోకి చేరుతుంది. పిల్లల మెదడుకు ఇంత సీసం వరకు పరవాలేదు అనే మోతాదు లేదు. అందుకని ఆరుబయట పోయాలి, లేదా గాలి బయటికి లాగే ఫ్యాను కింద. వంటింటి పొయ్యి, వంట గిన్నె ఎప్పుడూ వాడకూడదు. అక్కడ తినకూడదు, తాగకూడదు, సిగరెట్టు ముట్టకూడదు. పని ముగిశాక సబ్బుతో చేతులు కడిగి, బట్టలు విడిగా ఉతకాలి. ఫ్రెడరిక్‌లా పిల్లల్ని పనికి పెట్టే కాలం పోయింది, పోవడమే మంచిదయింది.

నీళ్ల సంగతి అంతకంటే వేగంగా ప్రాణం మీదికి తెస్తుంది. ఒక్క చుక్క నీరు కరిగిన సీసం కిందికి చేరితే క్షణంలో ఆవిరై సుమారు 1,700 రెట్లు ఉబ్బుతుంది, పాత్రలోని లోహం మొత్తాన్ని ఎగజిమ్ముతుంది. నుదుటి చెమట కూడా నీరే. తడి తగిలిన ముక్కను కరిగిన సీసంలో వేయకూడదు. కళ్లజోడు, తోలు చేతొడుగులు, నిండు చేతుల చొక్కా, మూసిన బూట్లు లేకుండా పాత్ర దగ్గరికి వెళ్లకూడదు. పాత బ్యాటరీల సీసాన్ని అసలే కరిగించకూడదు. ఆ పలకల్లోని ఆర్సెనిక్, ఆంటిమనీ నుంచి ప్రాణాంతకమైన వాయువులు పుడతాయి. ఇది మన దేశానికీ వర్తిస్తుంది. మన ఊళ్ల శివార్లలో పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం తీసేవాళ్లున్నారు, వాళ్ల పిల్లలు ఆ పక్కనే ఆడుకుంటుంటారు.

వేట సంగతి వేరు. సీసపు తూటా జంతువు ఒంట్లో ముక్కలవుతుంది, వేటగాడు వదిలేసిన పేగుల్ని తిన్న పక్షులు చస్తాయి. కాలిఫోర్నియా కాండోర్ రాబందు 1980ల మొదట్లో కేవలం 22 మిగిలింది. వాటిని పెంచి తిరిగి అడవిలో వదిలాక కూడా చంపుతున్నవాటిలో సీసమే ముందుంది. 2019 జులై నుంచి ఆ రాష్ట్రంలో వేటకు సీసం పూర్తిగా నిషేధం. ఆ నిషేధం సరైనదే. పోత తూటా చోటు గురిపెట్టే మైదానం, దాని వెనక మట్టిగట్టు. అక్కడైతే సీసాన్ని ఏరి వెనక్కి తెచ్చుకోవచ్చు.

అమెరికాలో ఉంటూ ఈ పని నేర్చుకోవాలనుకునే తెలుగువాళ్లకు నా మాట ఇదే. మీ రాష్ట్రపు చట్టం చూసుకోండి. దగ్గర్లోని క్లబ్బులో చేయి తిరిగిన పెద్దాయన పక్కన నిలబడి ఒక పూట చూడండి. మూతి నుంచి మందు దట్టించే తుపాకీ గుండుతో, శుద్ధ సీసంతో మొదలుపెట్టండి. అది అన్నిటికన్నా సులువు. ఇంట్లో పసిపిల్లలుంటే వాళ్లు పెద్దయ్యేదాకా ఆగండి. మొదలుపెట్టే ముందు రక్తంలో సీసం పరీక్ష ఒకసారి, ఆ తర్వాత ఏటా ఒకసారి చేయించుకోండి. అంకె పెరుగుతుంటే పోత ఆపి, డాక్టరును కలవండి.