‘శోధన’ - ఒక నామం, మూడు క్రియలు: తెలుగు క్రైస్తవ వాఙ్మయంలో ప్రలోభ భావన, బొగ్గుబాయి పఠన సందర్భం

ప్రవేశిక

తెలుగు క్రైస్తవుల నిత్య వ్యవహారంలో ‘శోధన’ అన్న మాటకు ఉన్న విస్తృతి చాలా పెద్దది. తాగుడు మానలేకపోవడం శోధన. బిడ్డకు జబ్బు చేయడం శోధన. పరస్త్రీ వ్యామోహం, పని పోవడం, అప్పు తీరకపోవడం, అయినవాళ్ల చేత మాట పడటం - అన్నీ శోధనలే. వీటిలో కొన్ని మనిషిని తప్పువైపు లాగే ఆకర్షణలు, కొన్ని మనిషి మీద వచ్చిపడే కష్టాలు. మొదటి రకాన్ని ప్రలోభం అనీ, రెండో రకాన్ని పరీక్ష అనీ తెలుగులో విడిగా చెప్పుకోవచ్చు. క్రైస్తవ తెలుగు మాత్రం ఈ రెంటినీ ఒకే మాట కింద చేర్చింది. ఈ చేర్పు వల్ల తెలుగు క్రైస్తవ వాఙ్మయానికి కలిగిన లాభమేమిటి, నష్టమేమిటి, ఆ నష్టాన్ని పూడ్చే సాధనం ఆ వాఙ్మయంలోనే ఉందా అన్నవి ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్నలు.

పరిశీలనకు ఆధారం సంఘాల్లో నేటికీ ఎక్కువగా చదివే తెలుగు బైబిలు పాత అనువాదం. పఠన సందర్భంగా తీసుకున్నది మందమర్రి. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో, 2016 నుంచి మంచిర్యాల జిల్లాలో ఉన్న ఈ ఊరు సింగరేణి సంస్థ ఏరియాల్లో ఒకటి. కళ్యాణిఖని గనుల పేరుతో కార్మిక లోకానికి పరిచితం. ఒక పదంలోని అర్థసంకరం పండితుడికి చర్చనీయాంశం మాత్రమే కావచ్చు. బాయి దిగే మనిషికీ, అతని ఇంటివారికీ అది బతుకు నిర్ణయాలకు సంబంధించిన విషయం. అందుకే ఈ ఎంపిక.

పదార్థ విచారం

‘శోధన’ శబ్దానికి మూలం ‘శుధ్’ ధాతువు. శుద్ధి చేయడం, మలినం తొలగించడం దాని మూలార్థం. వెతకడం, పరీక్షించి చూడడం తరువాత చేరిన అర్థాలు. ఆయుర్వేదంలో శోధన చికిత్స అన్నా, విద్యారంగంలో పరిశోధన అన్నా ఈ అర్థఛాయలే కనిపిస్తాయి. ఆశ చూపి లోబరచుకోవడం అన్న భావం ఈ ధాతువులో లేదు. ఆ భావానికి ‘లుభ్’ ధాతువు నుంచి వచ్చిన లోభం, ప్రలోభం వంటి మాటలు ఉన్నాయి. అయినా అనువాదంలో నిలిచింది శోధనే. మత్తయి సువార్త నాలుగో అధ్యాయంలో అపవాదికి ‘శోధకుడు’ అన్న పేరు కూడా దీని నుంచే ఏర్పడింది.

ఈ ఎంపికకు సమర్థన మూలభాషలో ఉంది. గ్రీకు ‘పెయిరాస్మోస్’ పరీక్షకూ ప్రలోభానికీ ఉమ్మడి మాట. యాకోబు పత్రిక మొదటి అధ్యాయం ఈ ఉమ్మడితనం మీదే నిర్మితమైంది. రెండో వచనంలో కష్టాలను సంతోషంగా స్వీకరించమన్న రచయిత, పదమూడో వచనంలో దేవుడు ఎవరినీ దుష్టత్వంలోకి లాగడని హెచ్చరిస్తాడు. ఇంగ్లీషు అనువాదాలు చాలావరకు ఈ రెండుచోట్ల రెండు వేర్వేరు మాటలు వాడి, వాదంలోని మలుపును కప్పివేస్తాయి. తెలుగు ఒకే మాటను నిలిపి మూలానికి దగ్గరగా ఉంది. ఇది లాభం.

అయితే తెలుగు మాట గ్రీకులో లేని భావం ఒకటి వెంట తెచ్చింది. శోధనలో శుద్ధి ఉంది. శుద్ధి అన్నప్పుడు శుద్ధి చేసేవాడు ఉండాలి. బంగారాన్ని పుటం పెట్టేవాడు కంసాలి, విశ్వాసిని పుటం పెట్టేవాడు దేవుడు. పేతురు మొదటి పత్రికలోని బంగారం, అగ్ని ఉపమానంతో ఈ భావం చక్కగా కలిసిపోతుంది. కానీ సారా సీసా ముందు చేయి వణికే మనిషి విషయంలో ఇదే భావం ప్రమాదకరం. ఆ సీసాను కూడా దేవుడే పంపాడన్న ధ్వని మాటలోనే పుడుతుంది. యాకోబు కాదన్నదాన్ని ధాతువు ఔనంటుంది.

అనువాదకులకు ఈ ఇబ్బంది తెలిసినట్టే కనిపిస్తుంది. ఆదికాండము ఇరవై రెండో అధ్యాయంలో దేవుడు అబ్రాహామును పరీక్షించిన ఘట్టంలో వాడిన క్రియ ‘పరిశోధించు’. ఒక్క ఉపసర్గతో దేవుని పనిని అపవాది పని నుంచి వేరు చేశారు. కానీ హెబ్రీయులకు రాసిన పత్రిక పదకొండో అధ్యాయంలో అదే అబ్రాహాము కథ ప్రస్తావనకు వచ్చినప్పుడు ఉపసర్గ జారిపోయి ‘శోధింపబడు’ మిగిలింది. పాత నిబంధనలో గీసిన గీత కొత్త నిబంధనలో చెరిగిపోయింది.

ఈ సమస్య తెలుగుకే పరిమితం కాదు. ప్రభువు నేర్పిన ప్రార్థనలో దేవుడే మనిషిని శోధనలోకి తెస్తాడన్న ధ్వనిని తొలగించడానికి ఫ్రాన్సులోని కథోలిక సంఘం 2017లో ఆ వాక్యాన్ని మార్చుకుంది. తరువాత ఇటలీ కూడా అదే దారి పట్టింది. తెలుగులో ఆ వాక్యపు క్రియ ‘తెచ్చు’కు సంబంధించినదే. ఎవరు తెస్తారు అన్న ప్రశ్న ఇక్కడా అలాగే నిలిచి ఉంది.

వ్యాకరణం దాచే కర్త

పదం ఒక చిక్కయితే, వాక్యనిర్మాణం మరొక చిక్కు. గ్రాంథిక అనువాదంలోని ‘శోధింపబడు’ అన్న కర్మణి రూపం వాడుకలో నిలవలేదు. వాడుకలో నిలిచింది ‘నాకు శోధన వచ్చింది’ అన్న నిర్మాణం. జ్వరం వచ్చింది, కోపం వచ్చింది, నిద్ర వచ్చింది అన్న వాక్యాల వరుసలో ఇదీ చేరింది. ఈ నిర్మాణంలో మనిషి చతుర్థీ విభక్తిలో అనుభోక్తగా నిలబడతాడు, కర్తగా కాదు. శోధన దానంతట అదే వస్తుంది, పోతుంది. జబ్బు విషయంలో ఇది సహజమైన వాక్యమే. తాగుడు విషయంలో ఇదే వాక్యం బాధ్యతను మాయం చేస్తుంది. యాకోబు పత్రిక పద్నాలుగో వచనం శోధనకు మూలం మనిషి సొంత దురాశేనని చెబుతూ, ఆ స్థితికి ‘మరులు’ అన్న మాటను వాడింది. శృంగార కావ్యాల్లో మోహావస్థకు వాడే అచ్చతెలుగు మాటను ఇక్కడికి తేవడం అనువాదకుల సూక్ష్మదృష్టికి నిదర్శనం. శోధన బయటి నుంచి వచ్చేదిగా కనిపించవచ్చు. మరులు పుట్టేది మాత్రం లోపలే.

రెండు కథలు, రెండు మార్గాలు

తెలుగు సాహిత్య సంప్రదాయం ఈ రెండు స్థితులను వేర్వేరు కథల్లో చూపింది. పరీక్షకు ప్రతినిధి హరిశ్చంద్రుడు, ప్రలోభానికి ప్రతినిధి ప్రవరుడు.

హరిశ్చంద్రుడి కథలో వశిష్ఠ విశ్వామిత్రుల వివాదం పరీక్షకు కారణం. రాజుకు ఆ సంగతి తెలియదు. యోబు గ్రంథారంభంలోనూ దేవుని సముఖంలో సాతాను సవాలు ఉంది. యోబుకూ ఆ సంగతి తెలియదు. ఇద్దరూ సంపదను, సంతానాన్ని పోగొట్టుకుంటారు. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకం ద్వారా తెలుగు పల్లెలన్నిటికీ చేరిన హరిశ్చంద్రుడి కథలో కాటిసీను వచ్చినప్పుడు నటులు గుర్రం జాషువ శ్మశాన పద్యాలను పాడటం ఆనవాయితీ అయింది. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న కవి గొంతు, పౌరాణిక పరీక్షాకథలో అంత సహజంగా ఇమిడిపోవడం గమనించదగింది. పరీక్ష అన్న భావాన్ని అర్థం చేసుకోవడానికి తెలుగు క్రైస్తవ పాఠకుడు పరాయి సంస్కృతికి పోవలసిన అవసరం లేదని ఇది సూచిస్తుంది.

మనుచరిత్రలో ప్రవరుడి కథ వేరు. అతడు హిమాలయానికి పోయింది చూడాలన్న కుతూహలంతో. మంచుకు పాదలేపం కరిగిపోవడంతో తిరుగు దారి మూసుకుపోయింది. అప్పుడు ఎదురైంది వరూధిని. ఇక్కడ పెద్దన చూపిన వరుస ముఖ్యం: ముందు కోరిక, తరువాత దారి మూసుకుపోవడం, ఆపైన ప్రలోభం. ప్రవరుడు ఆమెతో వాదించినా గెలుపు వాదంలో లేదు. అగ్నిని ప్రార్థించి అక్కడి నుంచి వెళ్లిపోవడంలో ఉంది. ఆదికాండములో యోసేపు పోతీఫరు భార్య చేతిలో వస్త్రం విడిచి పారిపోయిన ఘట్టం దీనికి సన్నిహితమైనది.

హరిశ్చంద్రుడు పారిపోతే కథ లేదు. ప్రవరుడు ఉండిపోతే ధర్మం లేదు. ఈ రెండు కథల మధ్య తేడా పాత్రల క్రియల్లోనే ఉంది.

ఒక నామం, మూడు క్రియలు

ఈ దృష్టితో తెలుగు బైబిలును తిరిగి చదివితే ఒక విశేషం బయటపడుతుంది. నామం ఒక్కటే అయినా, శోధనకు మనిషి ఇవ్వవలసిన జవాబును సూచించే క్రియలు ఒక్కటి కావు. యాకోబు మొదటి అధ్యాయం పన్నెండో వచనంలో వాడిన క్రియ ‘సహించు’. అదే పత్రిక నాలుగో అధ్యాయంలో అపవాది విషయంలో వచ్చే క్రియ ‘ఎదిరించు’. తిమోతికి రాసిన రెండో పత్రికలో యౌవనేచ్ఛల విషయంలో వచ్చే క్రియ ‘పారిపోవు’. కష్టాన్ని సహించాలి, దుష్టశక్తిని ఎదిరించాలి, సొంత ఇచ్ఛ రేగే చోటు నుంచి పారిపోవాలి. నామం కలిపివేసిన దాన్ని క్రియలు విడదీశాయి.

అరణ్యంలో యేసు శోధన ఘట్టం ఈ విభజనకు మంచి ఉదాహరణ. నలభై దినాల ఉపవాసం తరువాత కలిగిన ఆకలిని ఆయన సహించాడు. శోధకుడి మూడు ప్రతిపాదనలనూ ద్వితీయోపదేశకాండములోని మాటలతో ఎదిరించాడు. ఆ ప్రతిపాదనలు రొట్టె, ప్రదర్శన, అధికారం. వాటిలో స్త్రీ లేదు, మద్యం లేదు. శోధన అనగానే ఈ రెంటినే తలచే అలవాటుకు ఈ ఘట్టం సవరణ. శోధకుడు లేఖనాన్ని ఉదాహరించడం మరొక హెచ్చరిక: ప్రలోభం భక్తి భాషలో కూడా మాట్లాడగలదు.

బొగ్గుబాయి పాఠకుడు

ఇప్పుడు ఈ విభజనను మందమర్రి వంటి ఊరి సందర్భంలో పెట్టి చూడాలి. మూడు షిఫ్టుల పని, భూమి కింద చీకటి, పై కప్పు భయం, అలసిన ఒంటికి సులువుగా దొరికే మత్తు - ఇవి ఏ గని ఊరికైనా తెలిసిన వాస్తవాలు. ఒక ఇంట్లో భర్త తాగుతాడనుకుందాం. ఆ తాగుడు అతనికి శోధన. ఆ తాగుడు వల్ల భార్యకు కలిగే దెబ్బలు, పస్తులు ఆమెకూ శోధనే. సంఘ భాషలో ఇద్దరికీ మాట ఒక్కటే. ఇక్కడే పదం ప్రాణం మీదికి తెస్తుంది. సహించమన్న క్రియను భార్యకు ఇచ్చి, భర్తకు ఏ క్రియా ఇవ్వకుండా ‘శోధన వచ్చింది’ అని జాలిపడితే, ఒకే నామం ఒకరికి శిక్ష, మరొకరికి సాకు అవుతుంది. భర్తకు చెప్పవలసిన క్రియ పారిపోవడం. భార్యకు చెప్పవలసినది సహించడమే అనడానికి పై వచనాల్లో ఆధారం లేదు.

భార్యకు తగిన క్రియ ఏదో తెలుగు స్త్రీలు చరిత్రలో చూపారు. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి 1992లో రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమంలో వారు ఎంచుకున్నది ఎదిరించడం. తాగేవాడి మనసును మాత్రమే కాక, సారా దుకాణాన్నీ, వేలంపాటనూ వారు ప్రశ్నించారు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండోది 1997లో సడలిపోయింది. ఇది మతోద్యమం కాదు. అయినా శోధనలోకి తేవద్దన్న ప్రార్థనకు సామాజికార్థం ఒకటి ఇక్కడ దొరుకుతుంది. మనిషిని శోధనలోకి తెచ్చే వ్యవస్థ ఒకటి ఉంటుంది, దాన్ని తొలగించమని అడగవచ్చు. యాకోబు చెప్పిన లోపలి దురాశనూ, ఉద్యమం చూపిన బయటి దుకాణాన్నీ కలిపి చదివినప్పుడే తాగుడు అన్న శోధన పూర్తిగా అర్థమవుతుంది.

గని ప్రమాదం విషయంలో ప్రశ్న ఇంకా తీవ్రమైనది. 2003 జూన్ 16న గోదావరిఖని 7ఎల్ఈపీ గనిలోకి నీరు చొరబడి 17 మంది కార్మికులు మరణించారు. ఇలాంటి మరణాన్ని శోధన అనడంలో ఓదార్పు ఉంది, కాదనలేం. కానీ శోధనకు కర్త దేవుడే అన్న ధ్వని ఇక్కడ పనిచేస్తే, మనుషులను అడగవలసిన ప్రశ్నలు ఆగిపోతాయి. 1952 నాటి గనుల చట్టం ఇలాంటి ప్రమాదాలపై విచారణకు అవకాశం ఇచ్చింది. శోధన అన్న మాట విచారణ అన్న మాటను మింగకూడదు. యోబు గ్రంథం దీనికి అడ్డురాదు, పైగా తోడు నిలుస్తుంది. యోబు సహించాడు, ప్రశ్నించాడు కూడా. కష్టానికి సులువైన కారణం చెప్పిన స్నేహితులనే ఆ గ్రంథం చివర మందలించింది.

కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదో అధ్యాయంలో శోధనతో పాటు తప్పించుకునే మార్గం ప్రస్తావన ఉంది. బాయి పని తెలిసినవాడికి ఈ మాట వేరుగా వినిపిస్తుంది. భూగర్భ గనికి బయటపడే దారి ఒక్కటే ఉంటే చాలదు, రెండోది ఉండి తీరాలి. ఆ దారి ప్రమాదం జరిగాక తవ్వేది కాదు, పని మొదలయ్యే ముందే సిద్ధం చేసేది. పాదలేపం కరిగాక దారి వెతుక్కున్న ప్రవరుడి అవస్థ చెప్పేదీ ఇదే. శోధనను జయించడం ఆ క్షణపు మనోబలం ఒక్కదాని మీదే ఆధారపడదు. జీతం చేతికి వచ్చిన రోజు ఏ దారిన ఇంటికి పోవాలి, ఎవరితో కలిసి పోవాలి అన్న ముందస్తు నిర్ణయాలకూ అందులో పాలు ఉంది.

ముగింపు

శోధన అన్న మాటను మార్చాలని ఈ వ్యాసం ప్రతిపాదించడం లేదు. మూలంలోని ద్వంద్వార్థాన్ని నిలిపిన మాట అది, తరాల ప్రార్థనల్లో నలిగిన మాట. చేయవలసింది ఆ మాట ఎదురైన ప్రతిచోటా రెండు ప్రశ్నలు వేయడం: ఇక్కడ కర్త ఎవరు? ఇక్కడ మనిషికి చెప్పిన క్రియ ఏది? పురుషోత్తమ చౌదరి మొదలుకొని ఆంధ్ర క్రైస్తవ కీర్తనకారుల రచనలను ఈ రెండు ప్రశ్నలతో పరిశీలిస్తే, ఏ కాలంలో సహించడం ఎక్కువగా వినిపించింది, ఏ కాలంలో ఎదిరించడం వినిపించింది అన్నది తేలుతుంది. పదకోశ నిర్మాతలు కూడా క్రైస్తవ ప్రయోగార్థాన్ని ఒక్క ముక్కలో తేల్చక, క్రియల ఆధారంగా విభజించి చూపవలసి ఉంది. తాగే భర్తకూ, దెబ్బలు తినే భార్యకూ, గనిలో కొడుకును పోగొట్టుకున్న తల్లికీ ఒకే మాటతో జవాబు చెబుతున్నంతకాలం, ఆ జవాబు ముగ్గురిలో కనీసం ఒకరికి అన్యాయం చేస్తూనే ఉంటుంది.