బచావత్ కొలత

నీళ్ల తగవు తీర్చడానికి కూర్చున్న పెద్దమనిషి ముందుగా తేల్చాల్సింది ఒకటే: అసలు పంచడానికి నీళ్లెన్ని ఉన్నాయి? నాగార్జునసాగర్ కుడికాలువ కింద మిరప, పత్తి వేసే గుంటూరు, ప్రకాశం రైతుకు దక్కే నీటి లెక్క ఆ ప్రశ్నతోనే మొదలైంది.

కృష్ణా జలాల వివాద పరిష్కారానికి కేంద్రం 1969 ఏప్రిల్ 10న ట్రిబ్యునల్ వేసింది. అధ్యక్షుడు జస్టిస్ ఆర్.ఎస్. బచావత్, కలకత్తా హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన న్యాయమూర్తి. మధ్యవర్తిత్వ చట్టంపై మన దేశంలో లాయర్లు తిరగేసే పెద్ద గ్రంథం ఆయన పేరుమీదే ఉంది. ఎదుట మహారాష్ట్ర, మైసూరు (నేటి కర్ణాటక), ఆంధ్రప్రదేశ్ నిలిచాయి. తీర్పు 1973 డిసెంబరు 24న వచ్చింది. దాన్ని విప్పి చూస్తే నిష్పాక్షికత ఎక్కడెక్కడ బిగించారో కనబడుతుంది.

మొదటి బిగింపు నీటి లభ్యత. 1894-95 నుంచి 1971-72 దాకా 78 ఏళ్ల ప్రవాహాలు ముందున్నాయి. సగటును పట్టుకుంటే చాలా ఏళ్లు వాటా కాగితం మీదే మిగులుతుంది. కరువు ఏడును పట్టుకుంటే మంచి ఏళ్ల నీరు సముద్రం పాలవుతుంది. అందుకే నూటికి 75 ఏళ్లు ఎంతకు తగ్గకుండా వస్తుందో ఆ మొత్తాన్ని తీసుకున్నారు: 2,060 టీఎంసీలు. మనం నికర జలాలు అనేది వీటినే.

రెండోది తిరిగొచ్చే నీరు. పొలానికి పెట్టినదంతా పైరు తాగదు. కొంత ఇంకి, వాగుల్లోకి ఊరి మళ్లీ నదిలో చేరుతుంది. దానికి 70 టీఎంసీలు కలిపారు. దాంతో మహారాష్ట్రకు 585, కర్ణాటకకు 734, ఆంధ్రప్రదేశ్‌కు 811 అయ్యాయి.

మూడోది వాడకాన్ని కొలిచే పద్ధతి. సాగుకు మళ్లించిన నీరు పూర్తిగా లెక్కలోకి వస్తుంది. తాగునీటికి తీసుకున్నదానిలో 20 శాతం, పరిశ్రమలకు తీసుకున్నదానిలో రెండున్నర శాతం మాత్రమే వాడినట్టు. జలాశయాల్లో ఆవిరైన నీరు కూడా వాటాలోదే. నాగార్జునసాగర్‌కు చూపిన 281 టీఎంసీల్లో కుడికాలువకు 132, ఎడమకాలువకు 132 పోగా మిగిలిన 17 ఆ ఆవిరి పద్దే.

కుడికాలువకు నాలుగో బిగింపు ప్రాణం. ఒంగోలు, దర్శి వైపు ఆయకట్టులో చాలా భాగం కృష్ణా పరీవాహకంలో లేదు. అక్కడి వాన నీరు గుండ్లకమ్మ, ముసి లాంటి ఏరుల్లోకి పోతుంది. పరీవాహకం దాటించిన నీటికి హక్కు ఉంటుందా? ఉంటుందన్నారు న్యాయమూర్తులు. 1960 సెప్టెంబరు నాటికే చేపట్టిన ప్రాజెక్టుల వాడకానికి ముందు రక్షణ ఇచ్చారు. అప్పటికే సాగర్ పని సాగుతోంది.

మిగులు జలాలను ఎవరికీ రాసివ్వలేదు. దిగువనున్న ఆంధ్ర వాటిని వాడుకోవచ్చు, హక్కు మాత్రం పుట్టదు. ఒక ఏడు వాటా వాడుకోలేకపోయినంత మాత్రాన ఏ రాష్ట్రమూ దాన్ని పోగొట్టుకోదు. 2000 మే 31 తర్వాత తీర్పును తిరగదోడే వీలు కూడా అందులోనే పెట్టారు. తమ లెక్క కలకాలం చెల్లదని తెలిసిన పనివాళ్ల జాగ్రత్త అది.

లోటు లేకపోలేదు. కరువు ఏడు కొరతను ఎలా పంచుకోవాలో తీర్పులో అమలైన భాగమైన స్కీం-ఎ చెప్పదు. ఏటేటా నీటిని పంచే ఉమ్మడి సంస్థతో కూడిన స్కీం-బి కూడా వారే గీశారు గానీ, రాష్ట్రాలు ఒప్పుకోనందున అది పక్కకు పోయింది. ఆ లోటును ఎక్కువ మోసేది చివరనున్న ఆయకట్టే.

అయినా 2015లో రెండు తెలుగు రాష్ట్రాలు తాత్కాలికంగా 512, 299గా పంచుకున్నది ఆ 811 టీఎంసీలనే. అటు ఇటు వాదించే ఇంజనీర్లంతా ఇవాళ్టికీ లెక్క మొదలుపెట్టేది బచావత్ అంకెతోనే.