కియాంతి కొండల సేంద్రియ ద్రాక్షాసవము

ఇటలీదేశమున ఫ్లోరెన్సు, సియెనా నగరముల నడుమ వ్యాపించియున్న కియాంతి కొండసీమలో పుట్టు ఎఱ్ఱని ద్రాక్షాసవమునకు గల కీర్తి నేటిది కాదు. టస్కనీ ప్రభువైన మూడవ కోసిమో మెడిచి 1716లో శాసనము వెలువరించి, కియాంతి పేరున అమ్మదగిన ఆసవము ఏ పొలిమేరలలో పండవలెనో నిర్ణయించెను. పానీయమునకు దాని జన్మస్థలమునుబట్టి రక్షణ కల్పించిన తొలి ప్రయత్నములలో నిది యొకటి. ఆ ప్రాచీనసీమ కేంద్రముగా గల ప్రాంతమునుండి వచ్చు సీసాలపైననే నేడు నల్లకోడిపుంజు ముద్రయు, కియాంతి క్లాసికో అను పేరును కానవచ్చును.

ఇచటి ప్రధానమైన ద్రాక్ష సాంజొవేసె. ఆలస్యముగా పక్వమగు ఈ పండునకు పులుపు హెచ్చు, వగరును హెచ్చు. పగటి యెండయు రాత్రి చలియు గల యెత్తైన వాలులపైననే దానికి సుగంధము పట్టును. ఆ వాలులలో గలెస్త్రో అను మట్టిరాయి విస్తారముగా నున్నది. చేతబట్టి నలిపినంతనే పలుచని రేకులుగా విడిపోవు ఆ రాతిసందులగుండ నీరు క్రిందికి జారిపోవుటచేత, తేమను వెదకుచు తీగ తన వేళ్లను లోతునకు పంపవలసివచ్చును. కాపు తగ్గును, గుణము పెరుగును.

బ్రోలియో దుర్గాధిపతియు, ఇటలీ ప్రధానమంత్రిగా పనిచేసినవాడును అగు బెత్తీనో రికాసోలి, తన పరిశోధనల ఫలితమును 1872లో పీసా నగరపు ఆచార్యునొకనికి లేఖగా వ్రాసెను. సాంజొవేసె పరిమళమును బలమును ఇచ్చును, కనయోలో అను ద్రాక్ష దాని కాఠిన్యమును తగ్గించును. తెల్లద్రాక్షయగు మాల్వాసియా వెంటనే త్రాగు ఆసవమునకే తగును, నిలువయుంచుదానికి అక్కరలేదు అని ఆయన అభిప్రాయము. 1967 నాటి చట్టము ఈ వివేకమును విడిచి, తెల్లద్రాక్షను నూటికి 10 నుండి 30 పాళ్లు విధిగా కలుపుమన్నది. ఆసవము పలుచనై, పేరు చెడినది. ఇప్పుడు కియాంతి క్లాసికోలో తెల్లద్రాక్ష నిషిద్ధము. సాంజొవేసె నూటికి 80 పాళ్లకు తగ్గరాదు.

ఆసవమునకు ఎఱుపు రసమునుండి రాదు, తొక్కనుండి వచ్చును. నలిపిన పండ్లు తొట్టిలో పులియునప్పుడు బొగ్గుపులుసు వాయువు తొక్కలను పైకి నెట్టగా అవి దట్టమైన తెట్టగా కట్టును. అడుగు రసమును తోడి మరల మరల ఆ తెట్టపై ధారగా పోయుచుండినగాని రంగును వగరును రసములోనికి దిగవు. పిమ్మట ఓకుపీపాలలో నిలువయుంచుదురు. రిసెర్వా తరగతికి 24 నెలల గడువు తప్పదు.

సేంద్రియసేద్యమున ఈ శ్రమ తోటలోనే మొదలగును. గ్రేవె సమీపమున నున్న పంజానో గ్రామపు తోటలవారు 1995లో సంఘముగా కూడి ఈ మార్గమున నడచుట నాకు మిక్కిలి గౌరవపాత్రముగా తోచును. పొరుగుతోటలో చల్లిన విషము గాలివెంట వచ్చును గనుక, ఊరు కలిసినగాని ఒక్కని నియమము నిలువదు. శరత్కాలమున వరుసల నడుమ చిక్కుడుజాతి పైరులు, బార్లీ, ఆవాలు చల్లి, వసంతమున పూతదశలో కోసి, మన రైతు జనుమును జీలుగను కలియదున్నినట్లే, మట్టిలో కలుపుదురు. గుత్తులను తొలిచెడి చిమ్మెటకై ఆడపురుగు వాసనను పోలిన ద్రవ్యము గల చిన్నగొట్టములను తీగలకు కట్టగా, మగపురుగులు దారితప్పి జతకూడలేకపోవును. బూడిదతెగులునకు గంధకమే మందు.

బూజుతెగులే కఠినపరీక్ష. దానికి మైలుతుత్తమును సున్నమును కలిపిన బోర్డోమిశ్రమము తప్ప సేంద్రియరైతునకు గట్టి ఆయుధము లేదు. అందలి రాగియో నేలలో పేరుకొని వానపాములకు చేటుచేయును. అందుచేత హెక్టారునకు ఏడేండ్లలో 28 కిలోగ్రాములకు మించి రాగి వాడరాదని ఐరోపా సమాఖ్య నియమించినది. 2023లో వసంతపు వానలు విడువక కురియగా మధ్య ఇటలీలో బూజు విజృంభించి, అనేకుల పంట నష్టమయ్యెను. నాటి రైతు వానకు ముందే కొద్దికొద్దిగా మందు చల్లుటయు, గుత్తులచుట్టునున్న ఆకులను చేతితో త్రుంచి గాలి ఆడనిచ్చుటయు తప్ప చేయగలది లేదు. అట్టి యేటి సీసాకు వెల హెచ్చినచో, అది న్యాయమైన వెలయని నేను నిస్సంకోచముగా చెప్పగలను.