పావువంతు పట్టుకుంటే

గుంపుగా ఎగిరిపోతున్న కొంగల్ని చూసి చెట్టు మీది ఒంటికొంగ అడుగుతుంది, మీరు నూరుమందా అని. కాదు, మేమెందరమో ఇంకా అంతమంది, మాలో సగం, ఆ సగంలో సగం, ఆపైన నువ్వూ కలిస్తే నూరు అంటుంది గుంపు పెద్ద. మరి గుంపులో ఎన్ని కొంగలు? తెలుగు ఊళ్లలో పెద్దవాళ్లు పిల్లలకు వేసే పాత లెక్క ఇది.

ఉదయగిరిలోనో ఆత్మకూరులోనో ఏడో తరగతిలో దీన్ని వేస్తే, మొదట వచ్చే మాట ‘ఎక్స్ అనుకుందాం’. అలా చేసినా జవాబు వస్తుంది. కానీ అంతకుముందు ఇంకో దారి చూపించాలని నా పట్టుదల. లెక్కలో అన్నిటికంటే చిన్న ముక్క ఏది? సగంలో సగం, అంటే పావు. దాన్నే ఒకటిగా పెట్టుకుందాం. గుంపు 4 పావులు, మళ్లీ అంత 4, సగం 2, సగంలో సగం 1. మొత్తం 11. ఒంటికొంగను పక్కన కూర్చోబెడితే మిగిలింది 99. పావు 9, గుంపు 36. నోటితోనే అయిపోయింది.

ఇది మన అవ్వలకు కొత్త కాదు. 4 గిద్దలు సోల, 2 సోలలు తవ్వ, 2 తవ్వలు మానిక. మానికలో సగంలో సగం ఎంత అంటే సోల అని ఠక్కున చెప్పేవాళ్లు. భిన్నం అనే మాట వాళ్లకు అక్కర్లేకపోయింది. బడిలో ఒక డబ్బాడు బియ్యం, నాలుగు గ్లాసులు ఉంటే ఆ చూపు ఇప్పుడూ అబ్బుతుంది.

చిన్న ముక్కను పట్టుకోవడం మొదటి ఎత్తయితే, రెండో ఎత్తు వెనక్కి నడవడం. ఉదయగిరి కొయ్య గరిటెలకు భౌగోళిక గుర్తింపు ఉంది కాబట్టి లెక్కా వాటి మీదే కడదాం. ఒకాయన మొదటి బేరానికి తన దగ్గరున్న గరిటెల్లో సగం, పైన ఇంకొకటి ఇచ్చాడు. రెండో బేరానికి మిగిలినవాటిలో సగం, ఇంకొకటి. మూడోదానికీ అంతే. చేతిలో ఏమీ మిగల్లేదు. మొదట ఎన్ని ఉన్నాయి? ముందు నుంచి పోతే చిక్కుపడుతుంది. చివరి నుంచి రండి: సున్నాకు ఒకటి కలిపి రెట్టిస్తే 2, దానికి ఒకటి కలిపి రెట్టిస్తే 6, మళ్లీ అలాగే 14. గణితవేత్త జార్జ్ పోల్యా 1945లో అచ్చయిన తన పుస్తకంలో వెనక నుంచి ఆలోచించడాన్ని ఒక పద్ధతిగానే వివరించాడు. పులి–మేక ఆడే పిల్లలకు ఇది సగం తెలిసే ఉంటుంది. మేక వెనక చోటు ఖాళీగా ఉంటే పులి దూకేస్తుంది గనుక, ఆ దూకుడు ఎక్కడ ఆగాలో ముందు చూసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసి మేకను పెడతారు.

లెక్కను మన మాటలోకి, మన బతుకులోకి తెచ్చుకోవడం మనకు వెయ్యేళ్ల అలవాటు. 9వ శతాబ్దంలో అమోఘవర్ష మహారాజు కాలపు జైన పండితుడు మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఊరికే మార్చి రాయలేదు, జైన స్తుతుల చోట శివుణ్ణి పెట్టాడు. మహావీరాచార్యుడికి దండల్లాంటి సంఖ్యలంటే ఇష్టం: 152207ను 73తో గుణిస్తే ఎనిమిది ఒకట్లు వరసగా వస్తాయి. ఆరో తరగతి పిల్లలకు ఈ ఒక్క గుణకారం ఇస్తే ఇలాంటివి ఇంకేం ఉన్నాయని వాళ్లే వెతకడం మొదలుపెడతారు.

నేను అన్నిటికంటే విలువైనదిగా ఎంచేది మూడో ఎత్తు: జవాబు వచ్చాక లెక్కను మార్చి చూడటం. కొంగల లెక్కలో నూరు బదులు యాభై అంటే? 49ని 11 భాగించదు, ఒక కొంగను కోయాల్సి వస్తుంది. మరి ఏ సంఖ్యలు కుదురుతాయి? 12, 23, 34, 45... అన్నీ 11 ఎక్కానికి ఒకటి ఎక్కువ. లెక్క కట్టినవాళ్లు నూరును ఎందుకు ఎంచుకున్నారో అప్పుడు తెలుస్తుంది. ఇప్పుడు సగంలో సగం తీసేసి ‘మాలో మూడోవంతు’ అని పెట్టమనండి. పావు ఇక పనికిరాదు. సగమూ మూడోవంతూ రెండూ తెగేలా ఆరోవంతును పట్టుకోవాలి. 6, 6, 3, 2, కలిపితే 17. నూరుకు కుదరదు. మెట్ట పొలాల్లో మేకల మందను రోజూ చూసే పిల్ల కొంగల్ని మేకలుగా మార్చి, కాసేపు వేళ్లు మడిచి, ‘సార్, 103 పెడితే సరిపోతుంది’ అనాలి.