మొదటి స్టేజీ తర్వాత

కాంట్రాలో మొత్తం ఎనిమిది స్టేజీలు. తొంభైల్లో వేసవి సెలవులకి టీవీకి గేమ్ డబ్బా తగిలించుకుని కూర్చున్న మన పిల్లల్లో అడవి స్టేజీ రానివాళ్ళుండరు. జలపాతం ఎక్కినవాళ్ళూ చాలామందే. మంచు మైదానం అంటే కాస్త ఆలోచనలో పడతారు. చివరి స్టేజీలో ఓ పెద్ద గుండెకాయ కొట్టుకుంటూ ఉంటుందని, దాన్ని పేల్చాక మనవాళ్ళు హెలికాప్టర్‌లో బయటపడుతుంటే వెనక దీవి మొత్తం బద్దలవుతుందని చెబితే, ఆ గేమ్ ఏళ్ళ తరబడి ఆడినవాళ్ళు కూడా కొత్త సంగతి విన్నట్టు వింటారు.

ఇందులో ఆడినవాళ్ళ లోపమేమీ లేదు. మన ఇళ్ళకి ఎక్కువగా వచ్చినవి నింటెండో అమ్మిన యంత్రాలు కావు. 1983లో జపాన్‌లో విడుదలైన ఫ్యామికామ్‌కి చవక నకళ్ళు. క్యాసెట్ మీద ‘9999 ఇన్ 1’ అని ఉండేది. లోపల ఉండేవి కొన్ని డజన్ల గేములే. మిగతా పేర్లన్నీ వాటినే వేరే స్టేజీ నుంచో, వేరే తుపాకీతోనో మొదలుపెట్టేవి. అందాకా ఆడింది దాచుకోవడానికి ఆ క్యాసెట్లలో బ్యాటరీ ఉండేది కాదు. ఎలా ఆడాలో చెప్పే పుస్తకం పెట్టెలో వచ్చేది కాదు. కరెంటు పోయినా, చాలు ఇక ఆపమని ఇంట్లో కేకలేసినా మర్నాడు మళ్ళీ మొదటి స్టేజీయే. అలా ఒక తరానికి బోలెడన్ని గేముల ఆరంభాలు కంఠస్థం, ముగింపులు మాత్రం తెలియవు.

ఇప్పుడు ఆ తరం చేతిలో నాలుగు డబ్బులున్నాయి. పాత గేములు సంకలనాలుగా వస్తున్నాయి, పండగ డిస్కౌంట్లలో సినిమా టికెట్ ఖర్చుకి దొరుకుతున్నాయి. కొనడం నిమిషం పని. ఆడటానికి వారాలు పడుతుంది. అందుకే పేరుకుపోతాయి. అలా పేరుకున్నవాటిని ఒక్కొక్కటే తీసి, చివరిదాకా ఆడి, పేరు పక్కన టిక్కు పెట్టే అలవాటు చాలా దేశాల్లో ఉంది. దానికంటూ పద్ధతులు ఏర్పడ్డాయి. ఆ పద్ధతులన్నిటి వెనకా ఉన్నది ఒకటే అని నేననుకుంటాను. పాత గేమ్ ఏ సరంజామాతో ఆడమని తయారైందో ఆ సరంజామాని మళ్ళీ సమకూర్చుకోవడం. పుస్తకం, పెన్సిలు, కాగితం, తీరిక. అప్పట్లో మనకి దక్కనివి సరిగ్గా అవే.

ఈ పనిని పదిమందీ కూర్చుని చూసేంత రసవత్తరంగా చేసింది ఒక జపాన్ టీవీ కార్యక్రమం. గేమ్‌సెంటర్ సీఎక్స్ 2003లో మొదలైంది. షిన్యా అరినో అనే హాస్యనటుడు ఆఫీసు యూనిఫాం లాంటి జాకెట్ తొడుక్కుని గదిలో కూర్చుంటాడు, ఒక పాత గేమ్‌ని చివరిదాకా ఆడాలని చూస్తాడు. ఆయన చెయ్యి తిరిగిన ఆటగాడు కాదు. గంటల తరబడి ఒకే చోట చస్తుంటాడు. నుదుటికి చల్లటి పట్టీ అంటించుకుంటాడు. మరీ దారి తోచనప్పుడు కుర్ర అసిస్టెంట్ డైరెక్టర్ ఒకడు లోపలికొచ్చి బోర్డు మీద బొమ్మ గీసి చెబుతాడు. గెలవకుండా ముగిసిన ఎపిసోడ్లూ ఉన్నాయి. ఎంత తలతిక్క గేమైనా, చేసినవాడు ఏదో ఉద్దేశంతోనే ఇలా పెట్టాడన్న నమ్మకంతో ఆడటం నాకు ఆయనలో బాగా నచ్చుతుంది. 1986లో బీట్ తకేషి అనే హాస్యనటుడి పేరు మీద వచ్చిన ‘తకేషి నో చోసెంజో’ని కూడా ఆయన అలాగే ఆడాడు. అందులో తెల్లకాగితం మీద నిధి మ్యాపు బయటపడాలంటే ఒక దారి, కంట్రోలర్‌ని గంటసేపు ముట్టుకోకుండా ఉండటం. మరోచోట రెండో కంట్రోలర్‌లోని మైకులో పాట పాడాలి. ఇలాంటివాటికి ఎవరైనా పక్కనుంచి చెప్పాల్సిందే. అందులో తప్పులేదు.

ఏది ముందు ఆడాలన్న ప్రశ్నకి పెద్ద చర్చ అక్కర్లేదు. ఒక సిరీస్‌లో విడుదలైన వరుసనే ఆడాలి. మెగా మ్యాన్ రెండోది ఆడాక మొదటిదానికి వెనక్కి వెళితే చేతులు మొరాయిస్తాయి. రోజుల తరబడి సాగే రోల్‌ప్లేయింగ్ గేములు ఒకేసారి రెండు మొదలుపెట్టకూడదు, రెండూ ఆగిపోతాయి. పెద్దది ముగిశాక చిన్నది. అంతే.

పుస్తకం సంగతికొస్తే మాత్రం ఆగి చెప్పాలి. సూపర్ మారియో బ్రదర్స్ (1985) క్యాసెట్‌లో ఉన్న మొత్తం సరుకు 40 కిలోబైట్లు. ఇవాళ ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటోలో అలాంటివి ఎన్నో పడతాయి. అంత ఇరుకులో కథ చెప్పే చోటెక్కడిది? కథ, పాత్రల పేర్లు, ఏ వస్తువు దేనికి పనికొస్తుందన్నది అన్నీ పుస్తకంలో పెట్టేవాళ్ళు. పుస్తకం లేకుండా ఆడితే సగం గేమే చేతిలో ఉన్నట్టు. స్టార్‌ట్రాపిక్స్ (1990) దీన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. పెట్టెలో ఒక కాగితపు ఉత్తరం వచ్చేది. కథ మధ్యలో ఆ ఉత్తరాన్ని నీళ్ళలో తడపమంటుంది. నిజంగానే తడిపితే 747 అనే అంకె తేలుతుంది. అది కొట్టకపోతే గేమ్ కదలదు. సెకండ్‌హ్యాండ్‌లో క్యాసెట్ ఒక్కటే కొన్నవాళ్ళు అక్కడే ఆగిపోయారు. పాత పుస్తకాల స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఇప్పుడు చాలావరకు దొరుకుతున్నాయి. గేమ్ మొదలుపెట్టే ముందు అరగంట కేటాయించి చదవండి. తర్వాత ఎన్నో గంటలు కలిసొస్తాయి.

తర్వాత మ్యాపు. లెజెండ్ ఆఫ్ జెల్డా (1986)లో నేల మీద ఉన్న ప్రపంచం అడ్డంగా 16, నిలువుగా 8, మొత్తం 128 తెరలు. గ్రాఫ్ పేపరు మీద గడికో తెర చొప్పున గీయొచ్చు. 1981 నాటి విజార్డ్రీలో ప్రతి అంతస్తూ 20 గళ్ళు పొడవు, 20 గళ్ళు వెడల్పు ఉన్న చిక్కుదారి. కాగితం మీద గీసుకుంటారని లెక్కేసుకునే దాన్ని తయారుచేశారు. మెట్రాయిడ్ (1986)లో ఒక నడవాకీ ఇంకో నడవాకీ తేడా తెలియదు, గేమ్‌లో మ్యాపు లేనే లేదు. వీటికి మ్యాపులు నెట్‌లో రెడీగా దొరుకుతాయి, చూడకండి. మన చేత్తో గీస్తున్నప్పుడు కంటికి కొన్ని విషయాలు ఆనుతాయి. జెల్డా నేలమాళిగలో గదులన్నీ గీశాక మధ్యలో ఒక గడి ఖాళీగా మిగిలిందంటే, పక్క గోడకి బాంబు పెట్టి చూడాలని కాగితమే చెబుతుంది. ఆ గోడ కూలినప్పుడు కలిగే సంతోషం ఇతరులు గీసిన మ్యాపులో ఉండదు.

చేతివేగంతో గెలవాల్సిన గేములకి వేరే సాధన కావాలి. క్యాసిల్‌వేనియాని దగ్గరగా చూద్దాం. 1986లో జపాన్‌లో డిస్కు మీద వచ్చింది, ఆడింది దాచుకునే వీలుతో. మరుసటి ఏడు అమెరికాకి క్యాసెట్‌గా వెళ్ళినప్పుడు ఆ వీలు పోయింది. హీరో సైమన్ బెల్మాంట్ ఒకసారి గాల్లోకి లేచాడంటే ఎక్కడ దిగుతాడో అప్పుడే ఖాయం, మధ్యలో మళ్ళించలేం. దెబ్బ తగిలితే వెనక్కి ఎగిరిపడతాడు, వెనక గొయ్యి ఉంటే అంతే సంగతులు. కొరడా కూడా బటన్ నొక్కిన క్షణానికి కాక ఒక అర లిప్త తర్వాత తగులుతుంది. ఈ మూడూ తెలిసిన మనిషిని ఐదో బాస్ మృత్యుదేవత గది ముందున్న నడవాలో నిలబెడతారు. ఎదురుగా గొడ్డళ్ళు విసిరే కవచధారులు. గొడ్డలి ఒకసారి తలెత్తులో వస్తుంది, ఒకసారి కాళ్ళ దగ్గర. అదే సమయంలో మెడూసా తలలు పైకీ కిందికీ ఊగుతూ తేలివస్తుంటాయి. ప్రాణం 16 గీతలు, ఇక్కడ ఒక్కో దెబ్బకి నాలుగు పోతాయి. నాలుగు దెబ్బలకి ఆట సరి.

వేగంగా వెళ్ళాలని చూసినవాడు ఇక్కడ దాటలేడు. మార్గం పవిత్రజలం సీసా. అది నేల మీద పగిలి మండుతున్నంతసేపూ కవచధారి కదలకుండా బిగుసుకుపోతాడు. అతన్ని అలా ఆపి, మెడూసా తల ఊపు చూసి ఒక కొరడా దెబ్బ, మళ్ళీ అడుగు. ఆ సీసాని పోగొట్టుకోకుండా గది లోపలికి తీసుకెళితే మృత్యుదేవత కూడా అలాగే బిగుసుకుంటుంది. కానీ చస్తే సీసా పోతుంది. అంటే గెలుపు ఆ గదిలో తేలదు. వెనక ఎక్కడో సీసా దొరికిన చోట, ఆ తర్వాత కొవ్వొత్తిలోంచి సీసా స్థానాన్ని ఆక్రమించే బాకు రాలినప్పుడు దాని మీద కాలు పడకుండా చూసుకున్న చోట తేలుతుంది. ఇది అర్థమైన పూట గేమ్ మీద గౌరవం పెరుగుతుంది. కష్టంగా ఉన్న గేమ్ అన్యాయంగా ఉందని అనుకుంటాం, చాలాసార్లు అది మనకి చెప్పాల్సింది చెప్పే ఉంటుంది.

ఇక్కడే సేవ్ స్టేట్ల తగువు వస్తుంది. పాత యంత్రాన్ని కంప్యూటర్లో అనుకరించే ఎమ్యులేటర్‌లోనూ, నింటెండో స్విచ్ ఆన్‌లైన్‌లోనూ ఎక్కడ కావాలంటే అక్కడ ఆపి దాచుకోవచ్చు, రీవైండ్ కూడా చెయ్యొచ్చు. కొందరు అసలు ముట్టుకోరు. కొందరు ప్రతి అడుగుకీ వాడతారు. అలా ప్రతి అడుగుకీ దాచుకుంటూ వెళ్ళినవాడికి ముగింపు కనబడుతుంది కానీ గేమ్ అబ్బదు. సంగీతం నేర్చుకునేవాళ్ళు ఒక సంగతిని విడదీసి వందసార్లు పాడి, ఆ తర్వాత కీర్తన మొత్తం పాడతారు చూడండి, సేవ్ స్టేట్‌ని అలా వాడితే మేలు. ఆ నడవా ఒక్కదాన్నే విడిగా సాధన చెయ్యండి. చేతికొచ్చాక స్టేజీ మొదటినుంచి, పాత యంత్రం ఇచ్చిన అవకాశాలతోనే ఆడండి. తూటాల వానలో విమానం నడిపే గేములని ఒకే నాణెంతో ముగించాలనుకునే జపాన్ ఆర్కేడ్ ఆటగాళ్ళ సాధన ఇలాంటిదే.

టీవీ గురించి ఒక మాట. కొత్త టీవీలు బొమ్మని మెరుగుపరిచే హడావిడిలో కాస్త ఆలస్యంగా చూపిస్తాయి. పంచ్-అవుట్‌లో మైక్ టైసన్ మొదటి ఒకటిన్నర నిమిషం విసిరే అప్పర్‌కట్ ఒక్కటి తగిలితే పడిపోతాం, ఆ కాస్త ఆలస్యం చాలు. సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టుకోవాలి. బాతుల గేమ్ డక్ హంట్ అయితే కొత్త టీవీలో పాత తుపాకీతో అసలు ఆడలేం. ట్రిగ్గర్ నొక్కగానే తెర క్షణంలో చిన్న ముక్కసేపు నల్లబడి, బాతు ఉన్న చోట తెల్ల పెట్టె వెలుగుతుంది. గొట్టం చివరున్న కాంతి సెన్సర్ ఆ తెలుపుని పట్టుకుంటే తగిలినట్టు. ఆ లెక్కంతా పాత లావు టీవీ బొమ్మ గీసే వేగం మీద నడుస్తుంది. అటక మీద అలాంటి టీవీ ఉంటే పారేయకండి.

ఇలా నిదానంగా ఆడటం మొదలుపెట్టాక తయారీదారుల చేతిపని కనబడుతుంది. మారియోలో పొదలూ మబ్బులూ ఒకే బొమ్మ, రంగే తేడా. చోటు మిగిల్చుకోవడానికి చేసిన పని అది. శత్రువులు గుంపుగా వస్తే బొమ్మలు మిణుకుమనడం మన క్యాసెట్ పాడైపోయి అనుకునేవాళ్ళం. ఆ యంత్రం తెర మీద ఒక్కో అడ్డగీతలో ఎనిమిది కదిలే బొమ్మల ముక్కలే చూపగలదు. తొమ్మిదోది వస్తే ఏదో ఒకటి మాయం కావాలి. ఒకటే శాశ్వతంగా మాయం కాకుండా ప్రోగ్రామర్లు వాటిని వంతులవారీగా చూపించారు. ఆ మిణుకు వాళ్ళు మనకి చేసిన మర్యాద. కాంట్రా జపాన్ క్యాసెట్‌లో స్టేజీల మధ్య మ్యాపు వస్తుంది, అడవిలో ఆకులు ఊగుతాయి. అమెరికాకి వెళ్ళినదాంట్లో అవి లేవు. 2019 నాటి కాంట్రా యానివర్సరీ కలెక్షన్‌లో రెండూ ఉన్నాయి, పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

తీరిక ఉన్నప్పుడు చూద్దాంలే అనుకోవడానికి లేదు. 2010కి ముందు అమెరికాలో విడుదలైన గేముల్లో 87 శాతం ఇప్పుడు కొనడానికి దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో చెప్పింది. అదే ఏడాది మార్చి 27న నింటెండో తన వీ యూ, 3డీఎస్ ఆన్‌లైన్ దుకాణాల్లో అమ్మకాలు ఆపేసింది. పాత క్యాసెట్లలో ఆటని దాచే బ్యాటరీలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి. ఒక గేమ్‌ని చివరిదాకా ఆడి, అందులో ఏముందో నాలుగు ముక్కలు తెలుగులో రాసి పెట్టినవాళ్ళు నిజమైన సేవ చేస్తున్నారని నా నమ్మకం. మన భాషలో అలాంటి రాతలు ఇంకా చాలా రావాలి.

వదిలెయ్యడం కూడా పద్ధతిలో భాగమే. పుస్తకం చదివి, మ్యాపు గీసి, సాధన చేసినా సంతోషం కలగకపోతే ఎందుకు వదిలేశామో ఒక వాక్యం రాసుకుని పక్కన పెట్టాలి. కారణం రాయకుండా వదిలితే ఆరు నెలలకి అదే గేమ్ మళ్ళీ వరుసలోకి వస్తుంది.

ఇక ముగించడం అంటే ఏమిటి? మారియోలో 1-2 చివర పైకప్పు మీంచి వెళ్ళి నాలుగో లోకానికి, 4-2 నుంచి ఎనిమిదికి దూకి రాకుమారిని విడిపించినవాళ్ళు రెండు, మూడు, ఐదు, ఆరు, ఏడు లోకాలు చూడనే లేదు. అవి ఆడదలచుకుంటే ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. గేమ్ ఓవర్ అయ్యాక ‘A’ బటన్ పట్టుకుని స్టార్ట్ నొక్కితే చచ్చిన లోకం మొదటినుంచే ఆడొచ్చు. మన చిన్నప్పుడు ఈ ఒక్క ముక్క చెప్పేవాళ్ళుంటే ఎన్ని సాయంత్రాలు దక్కేవో! గోస్ట్స్ అండ్ గాబ్లిన్స్ ఇంకా కఠినం. చివరిదాకా వెళితే ఇదంతా సైతాను పన్నిన ఉచ్చు అని చెప్పి మళ్ళీ మొదటికి పంపుతుంది. రెండో చుట్టు గెలిస్తేనే అసలు ముగింపు. మొదటి చుట్టుకే టిక్కు పెట్టేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేనైతే పెట్టను. తయారుచేసినవాళ్ళు రెండుసార్లు తిరగమన్నారు, తిరిగాకే పెడతాను.