రవ్వ ఇడ్లీ, కాబూల్ రొట్టె

ఇవాళ ఎమ్.టి.ఆర్. అనే పేరుతో అందరికీ తెలిసిన హోటల్‌ను ఉడుపి ప్రాంతం నుంచి వచ్చిన మయ్య సోదరులు 1924లో బెంగళూరులో పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 మార్చిలో బర్మాలోని రంగూన్ జపాన్ వశమైంది. దాంతో దక్షిణాదికి బర్మా బియ్యం రావడం ఆగిపోయింది. బియ్యం దొరకని ఇడ్లీ హోటల్ ఏం వండాలి? ఆ కుటుంబం బొంబాయి రవ్వతో ఇడ్లీ వేసి చూసింది. రవ్వ ఇడ్లీ పుట్టుక గురించి మయ్యలు చెప్పుకునే కథ ఇదే. నాకు నమ్మదగినదిగానే తోస్తుంది.

దీని పక్కన పెట్టి చూడదగ్గ వంట ఇంకొకటి ఢిల్లీలో ఉంది. అక్కడ సాకేత్‌లో మాక్స్ ఆసుపత్రి ముందున్న ప్రెస్ ఎన్‌క్లేవ్ రోడ్డు దాటితే హౌజ్ రాణీ వస్తుంది. ఆ ఇరుకు సందుల్లో దరీ భాష బోర్డులు, అఫ్గాన్ రోగులు దిగే గెస్ట్‌హౌస్‌లు, మందుల షాపులు, వాటి మధ్య రొట్టెల తందూర్లు కనిపిస్తాయి. 1979 డిసెంబరులో సోవియట్ సేనలు దిగినప్పటి నుంచి అఫ్గాన్ కుటుంబాలు విడతలు విడతలుగా ఢిల్లీకి చేరుతూనే ఉన్నాయి.

బెంగళూరులో ఊరు ఉంది, గింజ లేదు. హౌజ్ రాణీలో గింజ ఉంది, సొంత ఊరు లేదు. అందుకే మయ్యలు వంటను మార్చుకుని చోటు నిలుపుకుంటే, అఫ్గాన్లు చోటు మార్చుకుని వంటను నిలుపుకున్నారు.

మార్చుకోవడం అంత తేలిక కాదు. మన ఇళ్లలో ఇడ్లీ రవ్వ అంటే బియ్యపు రవ్వే. దాన్ని మినప్పిండితో కలిపి రాత్రంతా పులియబెడితేనే ఇడ్లీ. మయ్యలు ఆ నానబెట్టడం, రుబ్బడం, పులియబెట్టడం అన్నీ వదులుకున్నారు. బొంబాయి రవ్వను నేతిలో వేయించి, పెరుగూ సోడా కలిపి, ఆవాలు, కరివేపాకు, జీడిపప్పుతో తాలింపు పెట్టారు. మిగిలింది ఇడ్లీ రేకు, ఆవిరి, ఆ గుండ్రటి ఆకారం. అయినా తిన్నవాళ్లు దాన్ని ఇడ్లీగానే ఒప్పుకున్నారు. యుద్ధం ముగిసి బియ్యం వచ్చాక కూడా అది పోలేదు. కొరతలో పుట్టి, కొరత తీరాక కూడా నిలిచిన వంటకాన్ని నేను గొప్ప వంటకం అంటాను.

అలాగే మార్చకపోవడమూ తేలిక కాదు. పొడవాటి నాన్ మీద వేళ్లతో గీతలు నొక్కి, నల్ల జీలకర్ర చల్లి, తందూరు గోడకు అంటించే పద్ధతిని పరాయి నగరంలో, అద్దె గదిలో కాపాడుకోవాలి. పిండి ఢిల్లీది, చెయ్యి కాబూల్‌ది. పైగా 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద భారత్ సంతకం చేయలేదు. వ్యాపారానికి కావలసిన కాగితాల దగ్గర శరణార్థి కుటుంబానికి చిక్కులు తప్పవు. ఈ కష్టం మయ్యలకు లేదు. వాళ్ల కష్టం వేరు: ఎమర్జెన్సీలో ప్రభుత్వం టిఫిన్ల ధరలు బలవంతంగా తగ్గించినప్పుడు హోటలే కొంతకాలం మూసేసి, పొడులూ మిశ్రమాలూ ప్యాకెట్లలో అమ్మడం మొదలుపెట్టారు. ఆ ప్యాకెట్ల కంపెనీని 2007లో నార్వేకు చెందిన ఓర్క్లా కొనేసింది. హోటళ్లు మాత్రం కుటుంబం చేతిలోనే ఉన్నాయి. ఇవాళ సాకేత్ కిరాణా షాపులో కూడా రవ్వ ఇడ్లీ ప్యాకెట్ దొరుకుతుంది.

ఇద్దరి మధ్య అసలు తేడా తినేవాళ్ల దగ్గర ఉంది. రవ్వ ఇడ్లీని కన్నడిగుల తర్వాత తమిళులూ తెలుగువాళ్లూ కూడా తమ వంటింట్లోకి తెచ్చుకున్నారు. హౌజ్ రాణీ రొట్టెకు మాత్రం ప్రధాన ఆధారం వైద్యానికి వచ్చే సొంత దేశస్థులే. 2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబాన్ల చేతికి పోయింది. విమానాలు ఆగిపోయాయి, పాత వీసాలు రద్దయ్యాయి, రోగుల రాక పడిపోయింది. రొట్టె రుచి తగ్గలేదు, కొనేవాళ్లే తగ్గారు. పనితనంలో నేను వీళ్లను మయ్యలకు ఒక్క మెట్టు కూడా కింద నిలబెట్టను.

సాకేత్ ఆసుపత్రులకు తెలుగువాళ్లు కూడా వస్తుంటారు. ఈసారి అక్కడి మాల్‌లోని ఫుడ్‌కోర్టుకు వెళ్లే ముందు రోడ్డు దాటి, ఒక వేడి రొట్టె కొనండి.