మేళమునకు మూలధనము

సత్రపట్టిలో ఆసుపత్రుల కట్టుగుడ్డ నేయు మగ్గములవారికిని, పొరుగున రాజపాళయములో నూలుమిల్లులు నడుపు మన తెలుగు రాజులకును ఈ విన్నపము. దక్షిణదేశపు వాద్యబృందములలో నాదస్వర మేళమునకు సాటి వేరొకటి లేదు. అది నిలువవలెనన్న శాలువలు చాలవు, శాశ్వతనిధి కావలెను.

మేళమనగానే జనులు నాదస్వర విద్వాంసు నొక్కనినే తలతురు. తప్పేమి? రాజరత్నం పిళ్ళై తోడి రాగమును, ప్రకాశము జిల్లా కరవదిలో పుట్టి, నాచ్చియార్‌కోయిల్ సోదరులయొద్ద తంజావూరు బాణి నభ్యసించి, శ్రీరంగమున స్థిరపడి, 1998లో సంగీత కళానిధియైన మన షేక్ చిన మౌలానాగారి ఆలాపనను విన్న చెవికి మరియొక వాద్యము రుచించుట కష్టము. ఆచ్చా మానట, కావేరీ గట్టుగడ్డి పీకయట. ఆ ముడిసరకునుండి అంతటి నాదము పుట్టుట మహాద్భుతము. డోలు విద్వాంసుని కుడిచేతి వ్రేళ్ళ తొడుగులును, ఎడమచేతి కర్రయు పలికించు జతులను వర్ణింప నాకు శక్తి చాలదు.

అయినను మేళమునకు ప్రాణము ఒత్తు, అనగా నాదస్వరమును పోలిన శ్రుతివాద్యము. క్రింది రంధ్రములను మైనముతో పూడ్చి శ్రుతి సరిచేసికొని, బుగ్గలలో నిలిపిన గాలిని పెదవులతో పంపుచునే ముక్కుతో ఊపిరి పీల్చుచు, ఒకే స్వరమును ఎడతెగక ఊదువానిని దగ్గర నిలిచి చూడుడు: బుగ్గ ఉబ్బును, తగ్గును, నాదమునందు సన్నని బీటయైనను పడదు.

ఇట్టివారిని పూర్వులు ఒకనాటి బహుమానముతో సరిపెట్టలేదు. 1014 ప్రాంతమున రాజరాజచోళుడు తంజావూరు పెద్దగుడి గోడపై నాట్యకత్తెలను, వాద్యకారులను పేరుపేరున చెక్కించి, ధాన్యపు పాళ్ళు నియమించెను. నాట్యకత్తెకు ఒక పాలు, అనగా ఏటికి నూరు కలముల వడ్లు. వృత్తిదారుడు మరణించిన పాలు వారసునికి చెందును. వారసునికి విద్య రాకున్నచో, వచ్చినవానిని అతడే నియమింపవలెను. ఎంతటి దూరదృష్టి! బెంగుళూరు నాగరత్నమ్మగారు నగలమ్మి తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధిమందిరమును నిర్మింపజేసి, తుదకు తమ ఆస్తిని ధర్మనిధిగా వ్రాసియిచ్చిరి. బోస్టనులో హిగ్గిన్సను దొర 1881లో వాద్యబృందమును స్థాపించి, ఏటేటి లోటును తన సంచినుండి పూడ్చెను. కాని సంచి ఎంతటిదైనను దాత ఆయువును దాటదు గనుకనే, నేడు అమెరికాలో ఒక్కొక్క వాద్యకారుని పీఠమునకు వేరువేరుగా నిధి నెలకొల్పి, దాని రాబడితో జీతమిచ్చుచున్నారు.

మరి మన మేళగాండ్ర మాన్యముల గతి? కొన్ని చట్టములకు, కొన్ని ఆక్రమణలకు ఆహుతియైనవి. కూలి తగ్గగానే మొదట తొలగింపబడినవాడు ఒత్తువాడు. వాని చోట శ్రుతిపెట్టె వచ్చినది. అంతటితో ఆగినదా? హారతివేళ మోటారుతో డోలును, గంటను బాదు యంత్రము గర్భాలయపు వాకిట చేరినది. దానికి కాలము తెలియదు, రాగము తెలియదు, స్వామి తెలియడు! ఆ రణగొణధ్వనిని మంగళవాద్యమనుట వేయేండ్ల విద్యకు అవమానము. అట్టి యంత్రములకు విరాళమిచ్చి గోడపై పేరు వ్రాయించుకొను భక్తులను చూచినప్పుడు నా కడుపు మండును.

1936లో మిల్లు స్థాపించిన రాజపాళయమునకు మూలధనమనగా నేమో చెప్పనక్కరలేదు. ముఖ్యమంత్రిగా పనిచేసిన పి.ఎస్. కుమారస్వామిరాజాగారు స్వగృహమునే దానమిచ్చిన ఊరది. ఆ యిల్లే నేటి గాంధీ కళామండ్రము. ఆ ఊరివారును, సత్రపట్టివారును కలిసి ముందుగా ఒక్క ఒత్తువాని పీఠమునకు నిధి కట్టుడని వేడుచున్నాను. అసలు ముట్టరాదు, వడ్డి నెలనెల వానికి చేరవలెను, వాని పిదప ఆ పీఠము, కులమేదైనను, ఊపిరి తెగక ఊదగలవానికే దక్కవలెనని దస్తావేజులో వ్రాయింపుడు.